పన్ను పీకించుకున్నాక తెలిసింది కరెంటు అంటే ఏంటో

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేస్తాం, పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా, మా చుట్టాల్లో సగం అటే. నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. రైతులు కాలిపోయిన పంపుసెట్లు తెస్తారు, విప్పి మాడిన కాయిల్ పీకేసి కొత్త తీగ చుట్టి వార్నిష్ పట్టించి ఇస్తాను, ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఈ తీగ సంగతి ముందే చెప్పి పెడుతున్నా, తర్వాత దీంతో పని పడుతుంది.

ముప్పై ఏళ్లుగా ఇంకోటి కూడా చేశాను, ఖైనీ. ఎడమ పక్కన కింది చిగురుకీ బుగ్గకీ మధ్యన, ఎప్పుడూ అక్కడే. మా అమ్మ గుడాకుతో, అంటే పొగాకు ముద్దతో, పళ్లు తోముకునేది, పలాస దగ్గర మా మేనత్త చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, అలాంటి ఇంట్లో పుట్టినోడికి ఖైనీ ఒక అలవాటని కూడా అనిపించదు. 2019లో అక్కడ తెల్ల మచ్చ, తర్వాత పుండు, కారం తగిలితే ప్రాణం పోయేది, ముక్క తీసి టెస్టుకి పంపితే కేన్సర్ అన్నారు. విశాఖలో ఆపరేషన్ చేసి బుగ్గలో గడ్డా మెడలో బిళ్లలూ తీశారు, ఐదు వారాలాగి కరెంటు పెట్టారు. ఆ కథంతా ఇక్కడ చెప్పను, ఈ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒకరున్నారు చెప్పడానికి. నేను చెప్పేది ఆ కరెంటు అయిపోయిన మూడున్నరేళ్లకి జరిగింది.

కరెంటు అంటే రేడియేషనే, మా వైపు అందరూ కరెంటు పెట్టారనే అంటారు. రోజూ ఫేజులూ న్యూట్రల్ పట్టుకునే నాకు ఆ మాట వింటే నవ్వొచ్చేది, ఎందుకంటే అక్కడ షాక్ లేదు, వేడి లేదు, ఏమీ లేదు. వేడి నీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జాలీని మొహం మీద వేసి నొక్కుతారు, అది చల్లారి గట్టిపడితే మన మొహం అచ్చు అయిపోతుంది, రోజూ ఆ మాస్కు బిగించి బల్లకి కదలకుండా పట్టేస్తారు, మిషను చుట్టూ తిరుగుతుంది, కొన్ని నిమిషాలు, లేచి వచ్చేయడమే. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకి 2 గ్రే, మొత్తం 30 సిట్టింగులు, 60 గ్రే. తర్వాత డాక్టర్ని అడిగితే చెప్పారు, గ్రే అంటే కిలో కండలోకి ఒక జౌల్ శక్తి దిగడం అని. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నా, మొత్తం 60 గ్రే ఒకేసారి పోసినా ఒళ్లు ఒక డిగ్రీలో వందో వంతు కంటే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది అంతే, ఒక గ్లాసు టీ తాగితే అంతకన్నా ఎక్కువ వేడి ఒంట్లోకి పోతుంది. మరి అదే డోసు మనిషి మొత్తానికి ఒక్కసారిగా తగిలితే బతకడు. అంటే ఇది కాల్చే పని కాదు. వేరే పని.

మూడో వారం నుంచి నోరంతా పుండ్లు, లాలాజలం ఎండిపోయింది, గంజి తప్ప ఏదీ దిగలేదు, పదకొండు కిలోలు తగ్గాను. జనవరి 2020లో అయిపోయింది, రెండు నెలలకి లాక్‌డౌన్ వచ్చింది, ఎలాగూ మూతి కట్టుకునే తిరిగాను.

2023, రథయాత్ర అయిపోయిన వారం. ఎడమ కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను కదలడం మొదలెట్టింది, రాత్రుళ్లు సలుపు. లాలాజలం లేని నోట్లో పళ్లు తొందరగా పుచ్చిపోతాయి, అది నాకు తెలీదు. మా ఆవిడ అంది, "విశాఖ డాక్టర్ని ఓసారి ఫోన్ చేసి అడగండి" అని. పన్ను పీకడానికి కూడా విశాఖేంటి అని నేను ఒక క్లినిక్‌కి పోయాను, పేరు చెప్పను. ఆయన చూశాడు, సూది వేశాడు, పీకాడు, పది నిమిషాలు. నా మెడ మీద అంత పొడుగు ఆపరేషన్ మచ్చ కనిపిస్తూనే ఉంది, ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన్ని అనడం ఎందుకు, విశాఖలో డిశ్చార్జి అప్పుడు ఇచ్చిన కాగితంలో కింద ఒక లైను ఉంది, మమ్మల్ని అడగకుండా పళ్లు పీకించుకోవద్దు అని, ఇంగ్లీషులో. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచాను, చదవలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రేడియేషన్‌కి ముందు కూడా నాకు రెండు పళ్లు పీకారు, అదే ఎడమ దవడలో, అప్పుడు పది రోజుల్లో చిగురు మూసుకుపోయింది, మర్చిపోయాను కూడా. అదే నోరు, అదే మనిషి, అదే దవడ. ఈసారి వారం, రెండు వారాలు, నెల, ఆ గుంట అలాగే ఉండిపోయింది. నాలికతో తడిమితే గరుగ్గా ఏదో తగిలేది, అన్నం మెతుకేమో అనుకుని పుల్లతో గీకాను, కాదు, ఎముక. వాసన మొదలైంది. పీకిన క్లినిక్‌లో యాంటీబయాటిక్ మూడు కోర్సులు ఇచ్చారు, వాడినన్నాళ్లు తగ్గేది, ఆపితే మళ్లీ మామూలే. దసరా వచ్చేసరికి కింది పెదవి ఎడమ పక్కన తిమ్మిరి, టీ గ్లాసు ఆనిందో లేదో తెలిసేది కాదు. కేన్సర్ తిరగబెట్టింది అనే అనుకున్నాం ఇంట్లో అందరం, ఎవరూ పైకి అనలేదు. మా అక్క ఒక్కతే అనేసింది, "ఏటి తమ్ముడూ, మళ్లీ వచ్చేసినాదేటి?" అని, అని ఏడ్చింది.

గుణుపూర్ పాసింజర్ ఎక్కి విశాఖ పోయాం. దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ముందు పెద్ద పళ్ల ఎక్స్‌రే అన్నారు, దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడేది, మా ఆవిడ భయపడిపోయింది, "ఇంకా రేడియేషనా మేడం" అని. ఆవిడ నవ్వి, ఈ ఎక్స్‌రేలో ఒంటికి తగిలేది కొన్ని రోజుల్లో నేలలోంచీ ఆకాశంలోంచీ మామూలుగా మనకి తగిలేదానితో సమానం, మీ ఆయన తీసుకున్నదానికీ దీనికీ పోలికే లేదు అన్నారు. మా ఆవిడ పుట్టిల్లు గంజాంలో ఛత్రపూర్ దగ్గర, అక్కడి సముద్రపు ఇసకలో మోనజైట్ ఉంటుంది, దాన్లో థోరియం, అందుకే అక్కడ ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉంది. ఆ ఇసకలో ఆడుకుని పెరిగిన మనిషి ఎక్స్‌రే గదికి భయపడుతోందని నేనంటే మొహం మాడ్చుకుంది.

స్కాను, మళ్లీ ముక్క తీసి టెస్టు, వారం టెన్షను. రిపోర్టు వచ్చింది, కేన్సర్ లేదు. ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు ఆవిడ చెప్పిన పేరు, ఆస్టియోరేడియోనెక్రోసిస్. రేడియేషన్ తగిలిన ఎముక చచ్చిపోవడం. నాకు అర్థం కాలేదు, కేన్సర్ పోయింది, కరెంటు ఆగి మూడున్నరేళ్లు అయ్యింది, ఇప్పుడు ఎముక ఎందుకు చస్తుంది? అడిగాను. ఓపీలో బయట ముప్పై మంది ఉన్నారు, అయినా ఆవిడ ఎక్స్‌రే కవరు తిరగేసి పెన్ను తీసి ఒక గొట్టం గీశారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా. మన ఒంట్లో ప్రతి రక్తనాళానికీ లోపల ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు, ఒకే ఒక్క కణం మందం, పరిచిన పెంకుల్లా పక్కపక్కన. గుండె నుంచి వచ్చే పెద్ద నాళంలోనూ అదే, చివర్న వెంట్రుక కంటే సన్నంగా ఉండే వాటిలోనూ అదే. చివరి సన్న వాటికి వేరే గోడంటూ దాదాపు ఏమీ ఉండదు, ఆ పొరే గోడ. ఎర్ర కణం ఏడెనిమిది మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), దారి కూడా అంతే, కణాలు వంగి దూరి పోవాలి. రేడియేషన్ అక్కడ పడినప్పుడు నీటి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి, నీరు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనేది పుడుతుంది, అది పక్కనున్న డీఎన్ఏని కొరికేస్తుంది, కొన్నిసార్లు కిరణమే నేరుగా తగిలి తెగుతుంది. 1 గ్రేకి ఒక్కో కణంలో రెండు పోగులూ ఒకేచోట తెగడం సుమారు నలభై. నాకు రోజుకి రెండు గ్రేలు, అంటే రోజూ ఎనభై చోట్ల తెగడం, రోజూ రిపేరు, మళ్లీ మర్నాడు ఎనభై.

అప్పుడు నేను అన్నాను, "మేడం, ఇది మా వైండింగ్ తీగ మీద ఎనామిల్ లాంటిది అన్నమాట". మా రాగి తీగకి పైన సన్నగా పూత ఉంటుంది, కంటికి రాగే కనిపిస్తుంది, పూత కనపడదు. ఓసారి మోటారు నీళ్లు లేకుండా డ్రై రన్ అయ్యి వేడెక్కితే ఆ పూత పెళుసెక్కిపోతుంది, కానీ మోటారు ఆరోజు ఆగదు, శుభ్రంగా తిరుగుతుంది, ఇంకో రెండు సీజన్లు నీళ్లు తోడుతుంది, తర్వాత ఏదో ఒకరోజు లోడు ఎక్కువైనప్పుడు లోపల షార్ట్ అయ్యి బుస్సుమంటుంది. రైతు వచ్చి నిన్నటిదాకా బానే తిరిగింది అంటాడు. నేను ప్రతిసారీ చెప్పే మాట, నిన్న పోలేదు బాబూ ఎప్పుడో పోయింది అని.

ఆవిడకి ఆ పోలిక నచ్చింది, కానీ సగమే ఒప్పుకున్నారు. "పూతకి ప్రాణం లేదు, దీనికి ఉంది, తేడా అక్కడే" అన్నారు. ఈ పొర ఊరికే అడ్డుగా ఉండేది కాదు, పనిచేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచుతుంది, రక్తం గడ్డ కట్టకుండా చూస్తుంది, దేన్ని లోపలికి వదలాలో దేన్ని వద్దో చూసుకుంటుంది. రేడియేషన్ పడ్డాక గంటల్లోనే ఇవి ఉబ్బుతాయి, పక్కపక్కన సందులు పడతాయి, నీరు బయటికి కారుతుంది, మొదటి వారాల్లో నా బుగ్గ ఉబ్బడంలో దీని వాటా కూడా ఉందట. పొర మీద జిగురు లాంటి ప్రొటీన్లు మొలుస్తాయి, తెల్ల కణాలు వచ్చి అతుక్కుంటాయి, వాపు. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, నాళం బిగుస్తుంది, రక్తం గడ్డ కట్టేవైపు మొగ్గుతుంది. అన్ని కణాలూ చావవు. ఒకేసారి ఎనిమిది పది గ్రేలు దాటి ఇస్తే గంటల్లోనే ఈ పొర కణాలు చచ్చిపోవడం ఎలుకల్లో చూశారట, నాలాగ కొంచెం కొంచెంగా ఇస్తే చాలావాటికి ముసలితనం వచ్చేస్తుంది, బతికే ఉంటాయి, విభజన ఆగిపోతుంది, పైగా చుట్టుపక్కలకి వాపు పుట్టించే రసాయనాలు వదుల్తూ కూర్చుంటాయి. (ఇంట్లో కొందరు పెద్దవాళ్లు గుర్తొచ్చారు, ఆవిడకి చెప్పలేదు.)

మరి మూడున్నరేళ్లు ఎందుకు పట్టింది అంటే, నోటి పుండ్లు మూడో వారంలోనే వచ్చాయి ఎందుకంటే నోటి లోపలి చర్మం రోజుల్లోనే పాతది పోయి కొత్తది వస్తుంది, దాని దెబ్బ వెంటనే బయటపడుతుంది. రక్తనాళాల పొర అలా కాదు, మామూలుగా నెలలూ ఏళ్లూ విభజించకుండా ఉంటుంది. అవసరం పడినప్పుడే పని మొదలెడుతుంది, దెబ్బ అప్పుడే తెలుస్తుంది. ఈలోపు సన్న నాళాలు ఒక్కొక్కటీ మూసుకుపోతాయి, పెద్దవాటి లోపలి గోడ మందమవుతుంది, మిగిలిన చోటంతా నార లాంటి కండ పట్టేస్తుంది. మిగిలిన కొన్ని సన్న నాళాలు ఉబ్బి వంకర్లు తిరుగుతాయి. "మీ మెడ అద్దంలో చూసుకోండి" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నిజమే, మాస్కు కింద పడ్డ చోట సాలెగూడు దారాల్లా ఎర్రటి గీతలు. రోజూ గడ్డం గీసుకుంటూ చూస్తున్నవే, వయసు అనుకున్నా.

ఇక కింది దవడ సంగతి. పై దవడకి రక్తం నాలుగు వైపుల నుంచి వస్తుంది, కింది దవడకి ఎముక లోపల్నుంచి పోయే ఒక్క నాళమే ముఖ్యం, మా ఊళ్లో ఒకే ఫీడరు మీద నడిచే వీధుల్లాగ. అది సన్నబడిపోయింది. మామూలు రోజుల్లో ఆ కాస్త రక్తం సరిపోయింది, ఎముక గుట్టుగా బతుకుతోంది. నేను వెళ్లి పన్ను పీకించా. గుంట మానాలంటే కొత్త నాళాలు పుట్టాలి, పొర కణాలు విభజించాలి, పాకాలి, అవి చేయలేకపోయాయి. నిన్న పోలేదు బాబూ ఎప్పుడో పోయింది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదట, ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో, 1899కల్లా ఆ కిరణాల పుండ్లని మైక్రోస్కోపు కింద చూసినవాళ్లు చిన్న రక్తనాళాల గోడలు పాడైపోయాయని రాసేశారు. 1983లో మార్క్స్ అనే అమెరికా సర్జన్ దవడ ఎముకకి ఇలా ఎందుకవుతుందో చెప్పాడు, ఆక్సిజన్ తక్కువ, కణాలు తక్కువ, నాళాలు తక్కువ అని. ఆ మాట మీదే ఆక్సిజన్ ఛాంబర్ వైద్యం, అంటే ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించడం, బాగా వాడుకలోకి వచ్చింది. మా బావమరిది దాని గురించి ఎక్కడో చూసి అదే చేయించమని పట్టుపట్టాడు, నేను అడిగాను, డాక్టరమ్మ 2019లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక పెద్ద స్టడీలో పన్ను పీకేవాళ్లకి ముందూ వెనకా ఆ ఛాంబర్ ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా రాలేదని చెప్పి, మీకు ముందు మాత్రలతో చూద్దాం అన్నారు.

నాకు రాసిన మాత్రలు, పెంటాక్సిఫిలిన్ 400 పొద్దునా రాత్రీ, విటమిన్ ఈ, మధ్యలో యాంటీబయాటిక్, పుక్కిలించడానికి క్లోర్‌హెక్సిడిన్. పెంటాక్సిఫిలిన్ అసలు కాళ్లలో రక్తం ఆడనివాళ్లకి ఇచ్చే మాత్ర, ఎర్ర కణాలు సులువుగా వంగేలా చేస్తుంది, సన్న దారుల్లో దూరడానికి, నార కండని కూడా కొంత తగ్గిస్తుందట. ఇది నాకు రాసింది, ఎవరూ పేరు చూసి మందుల షాపులో కొనుక్కోకండి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి చిక్కు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వచ్చేది, చద్దన్నం తిన్నాక వేసుకోవడం అలవాటు చేసుకున్నా. ఇంకో టెస్టు కూడా రాశారు, మెడలో మెదడుకి పోయే పెద్ద నాళాలకి డాప్లర్, రక్తం ఎలా పారుతోందో చూసే స్కాను, ఎందుకంటే వాటి లోపలా అదే పొర, అవీ అదే కిరణాల దారిలో ఉన్నాయి. 1945 బాంబుల నుంచి బతికిన హిరోషిమా నాగసాకీ వాళ్లని దశాబ్దాలు వెంబడించి చూస్తే గుండె జబ్బూ పక్షవాతమూ ఎక్కువ కనపడ్డాయి, అందుకే రేడియేషన్ నిబంధనలు రాసే అంతర్జాతీయ సంస్థ గుండెకీ మెదడు నాళాలకీ 0.5 గ్రే దగ్గర్నుంచే జాగ్రత్త అని రాసింది. నాకు మెడలో అరవై. ఎడమ పక్క గోడ కొంచెం మందంగా ఉంది, అడ్డు లేదు అన్నారు. బీపీ చూపించుకుంటున్నా, కొలెస్ట్రాల్ మాత్ర ఒకటి కలిసింది.

ఆర్నెల్లు ఏమీ మారలేదు. నేను మానేద్దామనుకున్నా, మా ఆవిడే డబ్బాలో మాత్రలు లెక్కపెట్టి పెట్టేది. తొమ్మిదో నెలలో ఒకరోజు షాపులో స్టేటరు విప్పుతుంటే నోట్లో ఏదో కదిలింది, ఉమ్మితే అరచేతిలో పడింది, పెసరగింజంత, పచ్చగా, చుట్టూ చెదలు తిన్నట్టు. చచ్చిన ఎముక ముక్క. అగ్గిపెట్టెలో పెట్టి విశాఖ పట్టుకెళ్లాను, డాక్టరమ్మ చూసి సంతోషించారు, మంచిదే, ఒళ్లు చచ్చినదాన్ని వేరు చేసి బయటికి తోసేస్తోంది అంటే అంచున రక్తం ఆడుతున్నట్టే అన్నారు. మత్తు ఇచ్చి మిగిలిన వదులు ముక్కలు తీశారు, అంచు నుంచి చుక్క చుక్కగా రక్తం వచ్చేదాకా గీకారట. రెండు నెలలకి చిగురు కలిసింది. పెదవి తిమ్మిరి మాత్రం పోలేదు, ఇప్పటికీ టీ ఒలికితే చొక్కా మీద పడ్డాకే తెలుస్తుంది.

మళ్లీ పళ్ల డాక్టరు దగ్గరే ఉన్నాను ఇప్పుడు. పక్క పన్ను పుచ్చింది. ఈసారి మొదటి మాటే చెప్పేశాను, రేడియేషన్, అరవై గ్రే, ఎడమ దవడ, బీరువాలో కాగితం తీసి లామినేషన్ చేయించి జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. విశాఖకి ఫోన్ చేసి మాట్లాడుకున్నారు ఇద్దరూ. పీకరు, రూట్ కెనాల్ చేసి పైన పన్ను చిగురు దాకా కోసేసి వేరు అలాగే వదిలేస్తారు, ఎముకకి గాయం కాకుండా. రెండు సిట్టింగులు అయ్యాయి, మూడోది బుధవారం. షాపులో కుర్రాడికి చెప్పాను, కాశీనగర్ రైతు మోటారు ఉంది, వార్నిష్ పట్టించి ఎండలో పెట్టు, నేను మధ్యాహ్నానికి వచ్చి మెగ్గర్ పెట్టి పూత నిలిచిందో లేదో చూస్తాను అని.